యాక్రిలిక్ గోళ్లు ఇంట్లో తీయడం: పని అసిటోన్‌ది, ఓపిక మనది

యాక్రిలిక్ గోళ్లు పెట్టించుకునేటప్పుడు గంటన్నర కదలకుండా కూర్చున్న ఓపిక, తీసేటప్పుడు ఇరవై నిమిషాలు కూడా ఉండదు. ఒక మూల కాస్త లేచిందంటే చాలు, ఇంకో వేలి గోరు దాని కిందికి పోతుంది. టక్కున ఊడొస్తే హాయిగానే ఉంటుంది. కానీ ఊడిన ముక్కను తిరగేసి వెలుతురులో చూడండి. లోపలివైపు తెల్లగా, పల్చగా, ఉల్లిపొరలాంటివి అంటుకుని కనిపిస్తాయి. అది జిగురు కాదు. మీ గోరే.

చేతి గోరు మందం అటూ ఇటుగా అర మిల్లీమీటరు. అది ఒకే గట్టి పలక కాదు, చచ్చిన కణాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొరలుపొరలుగా ఉంటుంది. యాక్రిలిక్ పట్టుకునేది పైపొరని. ఆ పట్టు గోరులో పొరకీ పొరకీ మధ్య ఉన్న పట్టు కన్నా గట్టిగా ఉండటం మామూలే. అందుకే బలంగా లాగితే యాక్రిలిక్ గోరు మీంచి విడిపోదు, గోరే మధ్యలో చీలుతుంది. అలా పోయిన మందం మళ్లీ పూడదు. మొదట్లోంచి కొత్త గోరు పెరిగి ముందుకు రావాల్సిందే. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి పూర్తిగా మారడానికి ఆరు నెలలు పడుతుంది. కాలి బొటనవేలికైతే ఏడాది నుంచి ఏడాదిన్నర.

"యాక్రిలిక్ పెట్టించుకుంటే గోళ్లు పాడవుతాయి" అనే మాటలో చాలా భాగం తీసే పద్ధతికి చెందాల్సిన నింద. సరైన పద్ధతి, యాక్రిలిక్‌ను మెత్తబరిచే అసిటోన్ అనే ద్రవంలో దూది తడిపి, గోటి మీద పెట్టి, ఫాయిల్ చుట్టి నాననివ్వడం. అసిటోన్ గోరును ఎండగడుతుంది, నిజమే. ఆ పొడితనం నూనెతో పోతుంది. పీకితే పోయిన పొర ఏ నూనెతోనూ రాదు.

ముందు అది యాక్రిలికేనా?

ఈ ప్రశ్న వేసుకోకుండా మొదలుపెట్టి గంటసేపు ఫాయిల్ చుట్టుకు కూర్చునేవాళ్లు చాలామంది. గోళ్లు పెట్టినప్పుడు ఒక చిన్న గిన్నెలో ద్రవం, పక్కన పొడి పెట్టుకుని, బ్రష్‌తో ముద్దలా తీసి అద్ది, గాలికే గట్టిపడనిచ్చారా? ముక్కుపుటాలు అదిరే ఘాటు వాసన వచ్చిందా? అయితే యాక్రిలిక్. ల్యాంప్ కింద చెయ్యి పెట్టించారంటే గోరంతా జెల్ అయినా అయ్యుండాలి, యాక్రిలిక్ మీద జెల్ టాప్ కోట్ అయినా అయ్యుండాలి. హార్డ్ జెల్ అసిటోన్‌కి లొంగదు, ఎంతసేపు నానబెట్టినా అలాగే ఉంటుంది. దాన్ని ఫైల్ చేసి తగ్గించడమే దారి. పాలీజెల్ కూడా ఎక్కువగా అదే బాపతు. గోరును పొడిలో ముంచి తీసే డిప్ పౌడర్‌ అయితే యాక్రిలిక్ కన్నా తొందరగా మెత్తబడుతుంది. జిగురుతో అంటించిన ప్రెస్ ఆన్ గోళ్లకు ఇంత తతంగం అక్కర్లేదు. గోరువెచ్చని సబ్బు నీళ్లలో పావుగంట ఉంచి, అంచుల్లోంచి నూనె పోస్తూ మెల్లగా కదిపితే చాలు.

ఏదో తెలియకపోతే పదివేళ్లూ ఒకేసారి చుట్టకండి. చిటికెన వేలు ఒక్కటి పరీక్షించండి. పైన మెరుపంతా ఫైల్‌తో తీసి, అసలైన అసిటోన్‌తో అరగంట చుట్టి ఉంచినా కర్రపుల్లతో నొక్కితే రాయిలాగే ఉంటే అది హార్డ్ జెల్ కావచ్చు, లేదా ఎంఎంఏతో చేసిన యాక్రిలిక్ కావచ్చు.

ఎంఎంఏ గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. యాక్రిలిక్ ద్రవంలో ఉండాల్సింది ఇథైల్ మెథాక్రిలేట్. మిథైల్ మెథాక్రిలేట్, అంటే ఎంఎంఏ, దానికన్నా చవక. గట్టిపడితే మరీ బిర్రుగా తయారవుతుంది. గోళ్లు దెబ్బతింటున్నాయని, చర్మం మీద దద్దుర్లు వస్తున్నాయని ఫిర్యాదులు రావడంతో 1970ల మొదట్లోనే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కోర్టుకెళ్లి మరీ పూర్తి ఎంఎంఏ ద్రవాలను మార్కెట్ నుంచి తీయించింది. అయినా అక్కడక్కడా వాడుతూనే ఉంటారు. ఫైల్ చేస్తుంటే పొడి రాలడానికి మొరాయించడం, అసిటోన్‌లో ఎంతసేపున్నా పైపైన మాత్రమే జిగటగా మారడం దాని గుర్తులు. దెబ్బ తగిలితే అది విరగదు, కింద ఉన్న అసలు గోరును పట్టుకుని లేపుతుంది. అలాంటిది దొరికితే ఇంట్లో యుద్ధం వద్దు. పొట్టిగా కత్తిరించి, పల్చగా ఫైల్ చేసి, గోరు పెరిగేకొద్దీ చివర్లు కత్తిరించుకుంటూ పోవచ్చు. లేదా పని తెలిసినవాళ్ల చేతికి ఇవ్వొచ్చు.

ఏమేం కావాలి, ఎందుకు

అసిటోన్ నూటికి నూరు శాతం ఉన్నదే కావాలి. సీసా మీద "అసిటోన్ లేని రిమూవర్" అని ఉంటే అది నెయిల్ పాలిష్‌కి మాత్రమే పనికొస్తుంది, యాక్రిలిక్ దాన్ని లెక్కచేయదు. అసిటోన్ ఉన్న మామూలు రిమూవర్‌లో నీళ్లు, నూనె, సువాసన కలిసి ఉంటాయి కాబట్టి పని సాగదీస్తుంది, ఆ సాగదీతకే ఓపిక చచ్చి పీకడం మొదలవుతుంది. పదివేళ్లకు రెండు మూడు విడతలు కలిపి 50, 60 మిల్లీలీటర్లు ఖర్చవుతుంది. 100 మిల్లీలీటర్ల సీసా ఉంటే నిశ్చింత.

మిగతావి: దూది, వంటింటి ఫాయిల్, వాజిలిన్, ఒకవైపు 100, ఇంకోవైపు 180 గ్రిట్ ఉన్న ఫైల్ ఒకటి (గ్రిట్ అంటే గరుకుదనం అంకె, అంకె పెరిగేకొద్దీ నునుపు), 240 గ్రిట్ బఫర్ ఒకటి, ఆరెంజ్ స్టిక్ అనే సన్నటి కర్రపుల్ల, నెయిల్ కట్టర్, నూనె, మాస్కు. ఇనుప పుషర్ కూడా వాడతారు గానీ చెయ్యి తిరగనివాళ్లకు కర్రపుల్లే నయం. కర్రకు పరిమితి ఉంది, గోరును చెక్కేంత బలం దానికి ఉండదు. ఆ పరిమితే ఇక్కడ రక్షణ.

అసిటోన్‌తో జాగ్రత్త ఎందుకంటే, అది 56 డిగ్రీలకే మరుగుతుంది, మామూలు గది వేడిలోనే దాని ఆవిరి అంటుకోగలదు. ఆ ఆవిరి గాలి కన్నా బరువు. కనిపించకుండా బల్ల మీంచి కిందికి జారి నేల వెంబడి పాకుతుంది. అందుకే దూరంగా ఉన్న స్టవ్ కూడా దూరం కాదు. స్టవ్, కొవ్వొత్తి, సిగరెట్, హీటర్, హెయిర్ డ్రయర్ ఏవీ ఆ గదిలో వద్దు. కిటికీలు తెరిచి కూర్చోండి. అసిటోన్ సీసాను నిప్పు మీదో మైక్రోవేవ్‌లోనో వేడిచేయడం అసలే వద్దు.

ఇంకో సంగతి, అది యాక్రిలిక్ గోటిని మాత్రమే మెత్తబరచదు. థర్మోకోల్‌ను కరిగించేస్తుంది, గట్టి పారదర్శక ప్లాస్టిక్ గిన్నెలను చిట్లిస్తుంది, కళ్లద్దాలను, ఫోన్ కవర్‌ను, బల్ల మీది పాలిష్‌ను పాడుచేస్తుంది. గాజు, పింగాణీ లేదా స్టీలు గిన్నె వాడండి. కింద పాత తువ్వాలు మడతపెట్టి పరచండి. కళ్లద్దాలు తీయాల్సొస్తే ఆ బల్ల మీద మాత్రం పెట్టకండి.

గోటి చుట్టూ తెగి ఉన్నా, ఎర్రగా వాచినా, చీము కనిపించినా, గోరు కింద ఆకుపచ్చగా ఉన్నా ఈ పని మీ చేతుల్లోది కాదు, డాక్టర్‌కి చూపించండి. మధుమేహం వల్ల వేళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు కూడా అంతే. ఎక్కడ గీరుకుందో తెలియకపోవడమే అక్కడి ప్రమాదం.

కత్తిరించడం, ఫైల్ చేయడం

ముందు పొడవు తగ్గించాలి. కట్టర్‌తో మధ్యలోంచి ఒక్క నొక్కుతో కత్తిరిస్తే యాక్రిలిక్ పగుళ్లిచ్చి, ఆ అదురు అసలు గోటిదాకా పోతుంది. ఒక పక్క నుంచి కొంచెం, ఇంకో పక్క నుంచి కొంచెం కొరుకుతూ మధ్యకు రండి. లేదా ఫైల్ అంచుతో అడ్డంగా ఒక గాడి గీసుకుని అక్కడ కత్తిరించండి. అసలు గోరు ఎక్కడిదాకా ఉందో అరచేతివైపు నుంచి చూసుకోండి.

ఇక ఫైల్. ఈ పనిలో అసలు కీలకం ఇదే, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. అసిటోన్ యాక్రిలిక్‌ను ఉప్పు నీళ్లలో కరిగినట్టు కరిగించదు. దాని పొడవాటి గొలుసుల సందుల్లోకి చొరబడి, ఉబ్బించి, మెత్తబరుస్తుంది. అది మీది నుంచి లోపలికి నెమ్మదిగా సాగే పని. మందం రెట్టింపయితే సమయం రెట్టింపు కన్నా ఎక్కువే పడుతుంది. పైగా టాప్ కోట్ జెల్‌దైతే అది గొడుగులా అడ్డుకుంటుంది, కింది యాక్రిలిక్‌కి అసిటోన్ చేరనే చేరదు. ఐదు నిమిషాలు ఎక్కువ ఫైల్ చేస్తే నానబెట్టడంలో పావుగంట మిగులుతుంది.

100 గ్రిట్ వైపు పెట్టి, ఫైల్‌ను గోటికి సమాంతరంగా ఉంచి, ఒత్తిడి లేకుండా రుద్దండి. మూలతో గుచ్చినట్టు ఒకేచోట రుద్దకండి. ముందు మెరుపు పోవాలి, తర్వాత రంగు పోవాలి, తర్వాత మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్న చోటు తగ్గాలి. గోరు పెరిగి ఉంటే మొదట్లో ఖాళీ గోటికీ యాక్రిలిక్‌కీ మధ్య చిన్న మెట్టు ఉంటుంది, అదే మీ కొలబద్ద. ఆ మెట్టు దాదాపు సమానం కాబోతుందనగా 180 వైపుకు మారండి. గోరు వెచ్చగా అనిపిస్తే చెయ్యి ఎత్తండి, రాపిడికి వేడెక్కుతోందన్నమాట. అసలు గోటి మీది నిలువు గీతలు లీలగా కనిపిస్తున్నాయంటే అక్కడితో ఆపాలి. ఖాళీ గోటి మీద ఫైల్ ఆనకూడదు.

మాస్కు ఎందుకంటే ఆ తెల్లపొడి ముక్కులోకి పోవడమే కాదు, చర్మం మీద పడుతూ ఉండటం కూడా మంచిది కాదు. పొడిని బ్రష్‌తో పూర్తిగా దులపండి. అలాగే వదిలేస్తే అసిటోన్‌లో తడిసి ముద్దై, గోటిని మళ్లీ కప్పేస్తుంది.

మోటారుతో తిరిగే ఈ-ఫైల్ ఇంట్లో ఉంటే దాన్ని తీయాలనిపిస్తుంది. వద్దు. బిట్ కోణం కొంచెం తప్పినా గోటి మీద ఎర్రటి వంపుగీత పడుతుంది. గోరు అక్కడ కాగితంలా అయిపోయి ఉంటుంది, నెలల తరబడి ఆ గీత ముందుకు జరుగుతూ కనిపిస్తూనే ఉంటుంది.

చుట్టడం

గోటి చుట్టూ చర్మానికి, వేలి కొసకు వాజిలిన్ మందంగా రాయండి. గోటి మీద మాత్రం పడకూడదు, పడితే అక్కడ అసిటోన్ ఆనదు. దూది గోరంత ముక్కే చాలు. వేలి కొసంతా కప్పేంత పెద్దది పెడితే చర్మం తెల్లబడుతుంది తప్ప పని జోరందుకోదు. దాన్ని అసిటోన్‌లో ముంచి, కారకుండా ఉండేంత తేలిగ్గా పిండి, గోటి మీద ఆనించి, సుమారు 8 సెంటీమీటర్ల చదరపు ఫాయిల్‌ ముక్కతో బిగించి చుట్టి, కొసను మెలితిప్పండి. ఫాయిల్ చేసేదల్లా ఆవిరి పోకుండా ఆపడమే. వదులుగా చుడితే పది నిమిషాల్లో దూది పొడిగా అయిపోతుంది. పని కాలేదని అసిటోన్‌ను తిట్టుకునేవాళ్లలో సగం మంది ఫాయిల్‌తో చేసే తప్పు అదే.

ఒకసారికి ఒక చెయ్యే. రెండు చేతులూ చుట్టేసుకుంటే విప్పేదెవరు? వెచ్చదనం తగిలితే పని చురుగ్గా సాగుతుంది. చుట్టిన చేతి మీద వేడినీళ్ల సంచి గానీ, వేడి నీళ్లలో పిండిన తువ్వాలు గానీ కప్పండి. ఇంకోలా గిన్నెలో అసిటోన్ పోసి వేళ్లు ముంచే పద్ధతి ఉంది, ఆ గిన్నెను గోరువెచ్చని నీళ్లున్న పెద్ద గిన్నెలో పెడతారు. పని తొందరగానే అవుతుంది. కానీ వేళ్లన్నీ తడిసి, అసిటోన్ ఎక్కువ ఖర్చై, ఆవిరి ముఖానికే వస్తుంది. ఫాయిలే మేలు.

చుట్టిన కాసేపటికి చల్లగా అనిపించడం సహజం. చురుక్కున మంట పుడితే మాత్రం అక్కడ కంటికి కనపడని తెగుడు ఉన్నట్టు. విప్పేసి, సబ్బుతో కడిగి, ఆ వేలిని వదిలేయండి.

విప్పే క్షణం

ఇరవై నిమిషాలకు ఒక్క వేలు విప్పండి, ఒక్కటే. ఫాయిల్‌ను లాగుతూ, దూదితో గోటిని గట్టిగా నొక్కి కొసవైపు తుడిచినట్టు తీయండి. సరిగ్గా నానితే యాక్రిలిక్ వేడికి మెత్తబడ్డ మైనంలా ముడతలు పడి, మీద తెల్లటి గుజ్జులా ఉంటుంది. కర్రపుల్లను దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకుని, మొదట్లోంచి కొసవైపుకు నెట్టండి. జారి వచ్చేదే రానివ్వండి. ఇక్కడ సమయం సెకన్లలో లెక్క. అసిటోన్ ఎగిరిపోగానే ఆ గుజ్జు మళ్లీ బిగుసుకుంటుంది, అర నిమిషం దాటితే పుల్ల కింద గరుకుగా తగలడం మొదలవుతుంది. ఆ గరుకు తగిలిందంటే ఇక నెట్టొద్దు. కొత్త దూదితో మళ్లీ చుట్టి ఇంకో పది నిమిషాలు. ఐదువేళ్లూ ఒకేసారి విప్పితే మొదటిది గీకేలోపు మిగతా నాలుగూ గట్టిపడి కూర్చుంటాయి.

పాత దూదినే మళ్లీ తడపకండి, అందులో అంటిన మెత్తటి యాక్రిలిక్‌ను తిరిగి గోటికే పూస్తారు. అంచులు ముందు వచ్చేసి మధ్యలో ముద్ద మిగలడం మామూలే, అక్కడే మందం ఎక్కువ. ఆ ముద్దను 180తో తేలిగ్గా రెండు సార్లు రుద్ది మళ్లీ చుడితే తొందరగా లొంగుతుంది. పొడవు కోసం గోటి కొసకు టిప్ అనే ప్లాస్టిక్ ముక్క అతికించి దానిమీద యాక్రిలిక్ వేసి ఉంటే, ఆ ప్లాస్టిక్ టిప్ జిగురు పట్టినట్టు సాగుతుంది, కంగారు పడకండి, దూదితో తుడిస్తే పోతుంది. ఒక చేతికి మొత్తం నలభై నిమిషాలు, మందంగా ఉంటే గంట అనుకునే కూర్చోండి.

చివర్లో గోటికి అంటుకుని సన్నటి మసక పొర మిగులుతుంది. దాన్ని పూర్తిగా తీయాలన్న పంతమే చాలా గోళ్ల కొంప ముంచుతుంది. మూడు విడతల తర్వాత కూడా ఉంటే 240 బఫర్‌తో ఒకటి రెండు సార్లు మెల్లగా అని వదిలేయండి. అందం తక్కువే, కానీ అది గోటితో పాటు పెరిగి చివరికి కత్తెరకే పోతుంది. దారంతో కోయడం, ప్లాస్టిక్ కార్డు దూర్చి లేపడం లాంటి చిట్కాలన్నీ ఒకే కోవ, పీకడానికి కొత్త పేర్లు.

తర్వాత

వెంటనే సబ్బుతో కడిగి, తుడిచి, గోటికీ చుట్టూ చర్మానికీ నూనె రాయండి. జొజోబా, బాదం, కొబ్బరి ఏదైనా పర్లేదు. గోరు సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపిస్తే భయపడకండి, అసిటోన్ తేమనూ నూనెనూ లాగేసింది, అంతే. నూనె రాయగానే ఆ తెలుపు చాలామటుకు మాయమవుతుంది. నూనె రాసినా పోకుండా, గరుకుగా, మచ్చలుగా మిగిలిన తెలుపు వేరు. అక్కడ పొర లేచిపోయింది, నయమయ్యేది కాదు, పెరగాల్సిందే.

కొన్ని వారాలు గోళ్లు పొట్టిగా ఉంచండి. నీళ్లలో నాని, ఎండి, మళ్లీ నానడం పల్చటి గోటిని చీల్చేస్తుంది కాబట్టి గిన్నెలు తోమేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. పొద్దునా రాత్రీ నూనె. అంచున పొర లేస్తే లాగకుండా 240తో నునుపు చేయండి. ఫార్మల్డిహైడ్ ఉన్న హార్డెనర్లు గోటిని గట్టిగా చేస్తాయి గానీ పెళుసుగా కూడా చేస్తాయి, పల్చబడ్డ గోటికి అవి వద్దు.

తీశాక గోరు మీద ఆకుపచ్చ మరక కనిపిస్తే అది ఎక్కువగా సూడోమోనాస్ అనే బాక్టీరియా పని. లేచిన యాక్రిలిక్ కింద తడి చేరితే అది పెరుగుతుంది. దానిమీద మళ్లీ ఏదీ కప్పకండి, పొడిగా ఉంచి డాక్టర్‌కి చూపించండి. గోరు కింది చర్మం నుంచి విడివడి, కొస వైపు తెల్లగా ఉంటే పొట్టిగా కత్తిరించండి. ఆ సందులో పుల్లతో శుభ్రం చేయడం వద్దు, చేసినకొద్దీ ఇంకా విడుతుంది. వేళ్ల కొసలు దురద పెట్టి పగిలినా, కనురెప్పలు వాచినా మెథాక్రిలేట్ ఎలర్జీని అనుమానించాలి. అది ఒకసారి వస్తే పోయేది కాదు. దంతాల ఫిల్లింగుల్లోనూ ఆ కుటుంబపు పదార్థాలే ఉంటాయి కాబట్టి దంత వైద్యులకు ఆ సంగతి చెప్పడం అవసరం.

వాడిన దూది, ఫాయిల్ వెంటనే మూత ఉన్న చెత్తబుట్టలో వేయకండి. ఆరుబయట, నిప్పుకు దూరంగా విప్పి పరిచి, పూర్తిగా ఆరాక పారేయండి. గిన్నెలో మిగిలిన అసిటోన్‌ను సింకులో పోస్తే పీవీసీ గొట్టాలకు మంచిది కాదు, దాన్నీ బయటే ఆరనివ్వండి. సీసా మూత బిగించి, పిల్లలకు అందని చోట, ఎండ తగలకుండా పెట్టండి.